పై గొట్టం మీద పేరు

రాన్ లీచున్‌కు వంట రాదని షీమెన్ ఊరందరికీ తెలుసు. ఊరగాయ మాత్రం ఆవిడ పెట్టినట్టు ఇంకెవరూ పెట్టలేరనీ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని ఎవరైనా అడిగితే ఆవిడ మొగుడు వెయ్ మాస్టారు తడుముకోకుండా చెబుతాడు.

"వంటంటే మూత తీసి చేసే పని కదండీ. మా ఆవిడకి మూత పెట్టడం తప్ప ఇంకోటి రాదు."

అక్షరాలా నిజం. మూత పెట్టడమే ఆవిడ ఉద్యోగం. ఆ కొండల కింద, బొగ్గు గనుల కంటే ఎంతో లోతున, రాతి పొరల్లో గ్యాసుంది. మంచి గ్యాసైతే ఎవరైనా తీస్తారు. ఇది గంధకపు గ్యాసు. ఒళ్ళు కాలిపోయే వేడి, ఇనుప తలుపుల్ని ఊడబెరికే ఒత్తిడి, వాటికి తోడు విషం. కొంచెం పీలిస్తే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువ పీలిస్తే ఏ వాసనా రాదు, మనిషి కంటే ముందు ముక్కు చచ్చిపోతుంది. రిగ్గు వాళ్ళు బావి తవ్వి చేతులు దులుపుకున్నాక, అందులోకి ఏ గొట్టం దించాలి, అది ఏ లోహంతో చేసినదై ఉండాలి, ఎక్కడ బిరడా బిగించాలి, ఎక్కడ వాల్వు పెట్టాలి అని గీసి, లెక్కగట్టి, సంతకం పెట్టేది లీచున్. రిగ్గు మీద దాన్ని బావికి ముస్తాబు చెయ్యడం అంటారు. ముస్తాబులో ఎంత చిన్న లోపమున్నా ఆ గ్యాసు వెతికి పట్టుకుంటుంది. దానికి వేరే పని లేదు.

లీచున్ పని చేసే తీరు కూడా వేరు. మిగతావాళ్ళు ముందు బొమ్మ గీస్తారు. ఆవిడ ముందు గ్యాసు అవుతుంది.

"ఇవాళ నేను గ్యాసుని," అంటుంది నూడుల్స్ గిన్నె పక్కకి నెట్టి. "నువ్వుల కొండ కింద పడుకుని ఉన్నాను. హాయిగా ఉంది. ఎవడో పైనుంచి పొడిచాడు. ఇప్పుడెటు పోతాను?"

"ముందు తినేసి పో," అంటాడు వెయ్ మాస్టారు.

"గొట్టంలోంచి పైకి పొమ్మని దారి చూపించారు. చూపించిన దారిన పోవడం నాకు నచ్చదు. గొట్టానికీ బావి గోడకీ మధ్య సందుంది కదా, అందులో దూరతాను."

"అక్కడ బిరడా బిగించావుగా, రబ్బరుది."

"ఆ వేడికి రబ్బరు ఏమవుతుంది?"

"నన్నడిగితే ఎలాగే! నేను భూగోళం చెప్పుకునేవాణ్ణి."

"నేనున్నది భూగోళంలోనే కదయ్యా!"

ఇలా గిన్నెలో సూపు చల్లారిపోయేదాకా ఆవిడ దారులు వెతుకుతూనే ఉంటుంది. వేడి గ్యాసు పారుతుంటే గొట్టం సాగుతుంది, బావి కట్టేస్తే చల్లారి కుంచించుకుపోతుంది. రైలు పట్టాలకు సందు వదిలినట్టు దానికి చోటు వదలాలి. వదిలితే ఆ చోటులోంచి గ్యాసు కారకూడదు. మరలు ఒకదానిలో ఒకటి దిగే చోట జిగురు పని చెయ్యదు, లోహానికి లోహమే ఆనాలి. ఎటు తిరిగినా దారి దొరక్క, "ఇంక నేనెటూ పోలేను, చూపించిన దారినే పోతాను" అని గ్యాసు తరఫున ఆవిడ ఒప్పుకున్న రోజున బొమ్మ మొదలవుతుంది. ఆ రోజున వెయ్ మాస్టారు కూడా గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు.

గ్యాసు తర్వాత ఆవిడ మాట వినని జీవి ఒక్కటే, పాంగ్.

పాంగ్ గ్వాంగ్‌యూ బావిలోకి గొట్టాలు దించే ముఠాకు మేస్త్రీ. పొట్టిగా, బలంగా, ముంగిసలా ఉంటాడు. లీచున్ చదువు ముగించుకుని మొదటిసారి రిగ్గు మీదికి వచ్చిననాడు ముసలి మేస్త్రీలు మొహాలు తిప్పుకున్నారు. ఆడది రిగ్గెక్కితే బావి ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. పాంగ్ గురువు జెంగ్ తాతయితే మెట్లకు అడ్డంగా కూర్చుని బీడీ ముట్టించబోయి, అక్కడ నిప్పు పనికిరాదని గుర్తొచ్చి, ఆ కోపం కూడా ఆ పిల్ల మీదే చూపించాడు. అప్పుడు కుర్రవాడైన పాంగ్ తన చేతి తొడుగులు విప్పి లీచున్ ఒళ్ళో పడేశాడు.

"ఎక్కు చెల్లాయ్. బావికి ఆడా మగా తేడా తెలిస్తే ఆ సంగతేదో అదే చెప్పుద్ది. తాతకెందుకంట తొందర?"

అలా ఎక్కిన పిల్లకు మరల మీద బొటనవేలు ఆనించి గీత ఎక్కడ చెడిందో కనిపెట్టడం నేర్పింది పాంగే. పుస్తకాల్లో లేనివి అతను చెప్పాడు, అతనికి తెలియనివి ఆమె చెప్పింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఎప్పుడూ ఒప్పుకోలేదు. పొద్దుట పోట్లాడుకుని మధ్యాహ్నం ఒకే గిన్నెలోంచి మిరపకాయలు ఏరుకు తినేవారు.

ఆ తొలి ఏళ్ళలోనే ఒక పాత బావిలో గొట్టం విరిగింది. అరిగీ కాదు, తుప్పు పట్టీ కాదు. దించి పట్టుమని పది రోజులు కాలేదు, మెరుస్తూనే ఉంది, ఎండు చెరుకుగడలా ఫటేలుమని రెండయింది. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ గ్యాసుకు అంత ఇష్టమని అప్పటికి అక్కడ ఎవరికీ సరిగ్గా తెలియదు. అది ఉక్కు లోపలికి దూరి, ఎక్కడ గీటు కనబడితే అక్కడ కూర్చుని, లోపలినుంచి చీల్చుతుంది. ఆ రోజు పాంగ్ లీచున్‌ను మెడ దగ్గర చొక్కా పట్టుకుని గాలికి ఎదురుగా కొండ మీదికి ఈడ్చుకెళ్ళాడు. మనుషులు బతికారు. కింద చెరువులో బాతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు నీళ్ళ మీద పక్కకు ఒరిగిపోయాయి. ఒక్క అరుపు లేదు. జెంగ్ తాత ముక్కు ఆ రోజుతో పోయింది. తర్వాత బతికినన్నాళ్ళూ సారా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "నీళ్ళు పోశార్రా నాకు, దొంగముండా కొడుకులు" అని తిడుతూ తాగేవాడు.

లీచున్ ఆ బాతుల్ని మరిచిపోలేదు. అప్పటినుంచే ఆవిడ మొండిదయింది.

ఆ మొండితనానికి బలయిన వాటిలో 'ఫూ' ఒకటి. ఆ ప్రాంతపు మేస్త్రీలకు ఒక ఆనవాయితీ ఉండేది. బావిలోకి దిగే మొదటి గొట్టం మీద ఉలితో ఫూ అక్షరం, అంటే శుభం అని, కొట్టి దించేవారు. బావి నూరేళ్ళు బతకాలని. మామూలు గ్యాసు బావుల్లో దానివల్ల నష్టం లేదు. గంధకపు గ్యాసుకు ఉలి దెబ్బ అంటే పిలిచి పీట వెయ్యడమే. లీచున్ ఆ ఆనవాయితీ ఆపేయించింది.

"మెల్లగానే కొడతాం చెల్లాయ్, గుడ్డ చుట్టి," అని పాంగ్ బతిమాలాడు.

"గుడ్డ చుట్టి తన్నినా తన్ను తన్నే. ఆ దెబ్బకి లోహం నలుగుతుంది. నలిగిన చోటే పగులుతుంది."

"శుభం అని రాస్తే అశుభం జరుగుద్దా?"

"రాస్తే జరగదు. కొడితే జరుగుతుంది. కావాలంటే సిరాతో రాసుకో."

"సిరాతో రాసేది శుభం కాదు, అడ్రసు," అని పాంగ్ విసుక్కున్నాడు.

చివరికి నియమం రాసిందీ ఆవిడే. గొట్టాలు చెక్క దిమ్మల మీదే ఉండాలి, నైలాను పట్టీలతోనే ఎత్తాలి, పట్టకారుకు పళ్ళు ఉండకూడదు, మామూలు ఇనుము తగలకూడదు. గొట్టం మీద దెబ్బ వేసినవాడు ఎవరైనా, ఎందుకైనా, బావి దగ్గరికి మళ్ళీ రాకూడదు. రిటైరయ్యేదాకా ఒక్క గొట్టాన్నీ గాయపరచని మేస్త్రీ పేరు మాత్రం శిక్షణ ఆవరణలో గోడ మీద చెక్కుతారు. గోడ మీద మొదటి పేరు జెంగ్ తాతది. నియమం వచ్చాక మిగిలిన నాలుగు రోజులూ ముసలాయన గొణుక్కుంటూనే దాన్ని పాటించాడు. పోయేముందు పాంగ్‌ను పిలిచి, "నా పక్కన చోటుంచమని చెప్పాన్రా" అన్నాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది. పాంగ్ అప్పుడప్పుడు పనున్నా లేకపోయినా ఆ గోడ పక్కనుంచి నడిచి వెళ్ళేవాడు.

ఇద్దరికీ ఒకే ఏడు రిటైర్మెంటు వచ్చింది. ఆడవాళ్ళు ముందు దిగిపోతారు కాబట్టి అయిదేళ్ళ తేడా ఉన్నా లెక్క సరిపోయింది. ఇద్దరికీ ఆఖరి బావి నువ్వుల కొండ.

నువ్వుల కొండ గొట్టాలు మంచి లోహం, నికెలు ఎక్కువ పాళ్ళున్నది. అది ఇప్పించడానికి లీచున్ పైవాళ్ళతో పడిన గొడవ చెబితే అదో పెద్ద కథ. తెచ్చిన తర్వాత వాటిని పాంగ్ పసిపిల్లలకు నలుగు పెట్టినట్టు చూసుకున్నాడు. కొండ చుట్టూ ఆవపూలు పూసిన రోజుల్లో దించడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటే మర బిగించి, చూసి, కిందికి వదిలి, చివరి గొట్టాన్ని ఒక మధ్యాహ్నం బావి నోటి దగ్గర కొక్కేనికి తగిలించారు. మైళ్ళ పొడవున్న బరువంతా ఆ చివరి గొట్టానికి వేలాడుతోంది. మర్నాడు పొద్దున్న పైన కవాటాలు మార్చి, కింద బిరడా బిగించాలి. బిరడా బిగిసిందంటే ఇక గొట్టం పైకి రాదు. బావితో పెళ్ళయినట్టే.

టార్పాలిను కింద భోజనాలు పెట్టారు. రెండుసార్లు వేయించిన పంది మాంసం, కారం కారంగా సోయా జున్ను, లీచున్ జాడీలోంచి ముల్లంగి ఊరగాయ. బావి దగ్గర సారా నిషిద్ధం కాబట్టి టీ గ్లాసులే ఎత్తారు. ఆ స్థలానికి బాధ్యుడు షియాంగ్ అనే కుర్ర ఇంజనీరు. అతను ఏదో మాట్లాడి కూర్చున్నాక పాంగ్ లేచాడు. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి.

"మా లీచున్ చెల్లాయ్ ఇన్నేళ్ళు బావులకి ముస్తాబు చేసింది," అన్నాడు. "ఒక్క బావి మీదయినా ఈవిడ పేరుందా? కంపెనీ పేరుంటది, నంబరుంటది, కొండ పేరుంటది. చేసినోళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఈ బావికి మాత్రం ఆ లోటు లేదు. ఇంతకంటే నన్నడగొద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. కవిత్వం అనుకున్నారు. లీచున్ చేతిలో తినే పుల్లల మధ్య ముల్లంగి ముక్క అలాగే ఆగిపోయింది. పాంగ్‌కు కవిత్వం రాదని ఆవిడకు తెలుసు.

నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళి అడిగింది.

"ఎక్కడ కొట్టావు?"

"ఏంటి కొట్టేది?"

"అన్నా, నా మొహం చూసి చెప్పు."

పాంగ్ ఆవిడ మొహం చూశాడు. నవ్వాడు. బహుమతి ముందే బయటపడినందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "ఒక్క అక్షరమే. నీ పేరులో చివరిది, 'చున్'. గోరంత. గుడ్డ చుట్టి, చిన్న సుత్తితో, పసిపిల్లకి చెవులు కుట్టినట్టు కొట్టా. ఎవరికీ కనపడకుండా మీద తెల్లరంగు పట్టీ వేశా. నీక్కూడా రేపు బిరడా పడ్డాకే చెబుదామనుకున్నా."

"మొదటి గొట్టం మీదేనా?" ఆవిడ గొంతులో ఇంకా ఆశ ఉంది. మొదటి గొట్టం అన్నిటికంటే అడుగున ఉంటుంది. దాని మీద బరువు లేదు, లోపలా బయటా ఒకటే ఒత్తిడి. పగిలినా బావి అడుక్కి పోతుంది, అంతే.

"మొదటిదా? అదెక్కడో పాతాళంలోకి పోద్ది. నీకేం దగ్గర! చివరి దాని మీద కొట్టా. అన్నిటికంటే పైన నీ పేరుండాలని."

లీచున్ అక్కడున్న సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయింది. మొత్తం బరువు మోసే గొట్టం అది. ఇన్నేళ్ళ ప్రేమతో ఆ మనిషి కొట్టడానికి ఎంచుకున్న చోటు, కొట్టకూడని చోట్లన్నిటిలోకీ కొట్టకూడని చోటు.

"ఏంటలా అయిపోయావ్? బాగుందనవేం?" అన్నాడు పాంగ్. అని, ఆవిడ మొహం ఇంకాసేపు చూసి, నవ్వు ఆపేశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. గుడ్డ చుట్టి కొడితే ఏమీ కాదని మనసులో ఎక్కడో ఎప్పుడూ నమ్ముతూ వచ్చాడు, అంతే. ముఠా దగ్గరికి వెళ్ళిపోయాడు.

లీచున్ ఒక్కతే కూర్చుని, అలవాటు చొప్పున గ్యాసయింది. గొట్టంలోంచి పైకి వచ్చింది. సందులో దూరింది, బిరడా ఆపింది. మరల దగ్గర వెతికింది, లోహానికి లోహం ఆని ఉంది. వేడికి గొట్టం సాగింది, తను వదిలిన చోటు సరిపోయింది. ఎటూ దారి లేదు. పైదాకా వచ్చేసింది. అక్కడ తన కోసం తన పేరుతోనే ఒక తలుపుంది.

ఇంజనీరుగా ఆలోచించింది. ఇది పాత ఉక్కు కాదు, మొండి లోహం. గోరంత దెబ్బ. పగలకపోవచ్చు. నలభై ఏళ్ళు అలాగే ఉండిపోవచ్చు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే, గొట్టం మార్చడం ఒక పూట పని. గోడ మీద జెంగ్ తాత పక్కన చోటు మాత్రం ఎప్పటికీ ఖాళీగా ఉండిపోతుంది. ఆ నియమం రాసింది తను. తన చేతికి తొడుగులిచ్చినవాడి పేరు తనే చెరపాలి. లీచున్‌కు ఏడుపొచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కొండ కింద ఊరు కనబడింది. పొయ్యిల పొగ లేస్తోంది. ఎవరో ముసలామె వెదురు కర్రతో బాతుల్ని అదిలించుకుంటూ గట్టు మీద పోతోంది. బాతులు ఒకదాని మీద ఒకటి పడుతూ గోల చేస్తున్నాయి. లీచున్ ఆ గోల కాసేపు విన్నది. లేచి టార్పాలిను కిందికి వెళ్ళింది.

"షియాంగ్, పై గొట్టం పైకి తీసి మార్చాలి. నా లెక్క తప్పింది."

షియాంగ్ పడమట పొద్దు పొడిచినట్టు చూశాడు. "మీ లెక్కా మేడమ్?"

"పొడవులో తేడా వచ్చింది. జానెడు."

"జానెడా! ఎలా వచ్చింది?"

"వచ్చింది. ఎలా వస్తే నీకెందుకు? ముసలిదాన్నయ్యాను, వచ్చింది."

"అది కాదు మేడమ్, కాగితం రాయాలి కదా. డిజైన్ లోపం అని, మీ పేరు మీద. మీ ఆఖరి బావి మీద... బాగుండదేమో."

"రాయి. నేను సంతకం పెడతాను."

షియాంగ్ అయిష్టంగా కలం తీశాడు. మూలనున్న బల్ల దగ్గరనుంచి పాంగ్ గొంతు లేచింది.

"ఒరే అబ్బాయ్, రాయకు."

"నువ్వు కూర్చో అన్నా," అంది లీచున్ గబగబా.

"నువ్వు కూర్చో! జన్మలో ఒక్క అబద్ధం చెప్పావు, అదీ చేతకాలేదు. జానెడంట! జానెడు తేడాకి ఎవడన్నా గొట్టం పీకుతాడా? ఇంత చోటు వదిలావు కదే దానికి, పది జానలు మింగేసుద్ది! ఈ కుర్రాడు నమ్మాడంటే వీడి చదువు తగలెయ్య." షియాంగ్ కలం కిందికి దించేశాడు. పాంగ్ అతని వైపు తిరిగాడు. "ఆవిడ లెక్క తప్పలేదు. పై గొట్టం మీద దెబ్బుంది. కొట్టింది నేను. నా పేరు రాసుకో. పాంగ్ గ్వాంగ్‌యూ. రాయడం తెలవకపోతే అడుగు."

ముఠా వాళ్ళు గిన్నెలు పక్కన పెట్టి లేచారు.

గొట్టాన్ని పైకి తీసే పని కూడా పాంగే చేయించాడు. చేయించకూడదు నిజానికి, ఆ క్షణం నుంచి అతను బావి దగ్గర ఉండకూడదు. ఆ సంగతి షియాంగ్‌కు తెలుసు, అయినా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. గొట్టం మెల్లగా లేచింది. మర విప్పి, పక్కకు తెచ్చి, చెక్క దిమ్మల మీద పడుకోబెట్టారు. లీచున్ గుడ్డతో తెల్లరంగు తుడిచింది. గోరంత అక్షరం. గీతలన్నీ పొందికగా, ఎక్కడా వణుకు లేకుండా ఉన్నాయి. ఇంత ముద్దుగా తన పేరు ఎవరూ ఎప్పుడూ రాయలేదని ఆవిడకు అనిపించింది.

"అక్షరం బాగుంది," అంది.

"బాగుంటే ఎందుకు పీకించావ్?" అని పాంగ్ తన చేతి తొడుగులు విప్పి, ఇవ్వడానికి ఎవరూ లేక, జేబులో కుక్కుకుని కొండ దిగిపోయాడు.

కొత్త గొట్టం దించారు, బిరడా బిగించారు, బావి నిలబడింది. షియాంగ్ కాగితం రాశాడు. పాంగ్ రిటైరయిన రోజున గోడ దగ్గర సభ జరగలేదు, ఎర్ర పట్టు కండువా కప్పలేదు. లీచున్‌కు కప్పారు. ఆవిడ దాన్ని సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది, మళ్ళీ బయటికి తియ్యలేదు.

పాంగ్ టీ అంగడికి రావడం మానేశాడు. అక్కడ మాజాంగ్ ఆట బల్ల దగ్గర నాలుగో మనిషి కోసం వెయ్ మాస్టారు దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచేవాడు. లీచున్ రెండుసార్లు అతని వీధి దాకా వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చింది. ఏమని పలకరిస్తుంది? తప్పు చెయ్యలేదు, అంచేత క్షమించమనడానికి లేదు. మనసు మాత్రం పుండయింది. నాకు వంట వచ్చుంటే ఏదన్నా వండి పట్టుకెళ్ళేదాన్ని కదా అని కూడా అనుకుంది.

శీతాకాలంలో షియాంగ్ వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. అక్షరం పడిన చోట గొట్టాన్ని చేతి గాజులా గుండ్రంగా కోసి, ఒక పక్క తెరిచి, బోల్టుతో బిగించి, బావిలో ఉన్నంత వేడిలో, ఒత్తిడిలో, అదే గ్యాసులో నెలల తరబడి ప్రయోగశాలలో ఉంచారు. అలా పరీక్షించమని రిటైరయ్యేముందు లీచునే అడిగింది. ఆ గాజే ఇప్పుడు పొట్లంలో ఉంది.

"మేడమ్..." అని షియాంగ్ నసిగాడు. "పగల్లేదు. సూక్ష్మదర్శినితో కూడా చూశాం. వెంట్రుకవాసి చీలిక లేదు."

అతను వెళ్ళిపోయాక ఆవిడ ఆ గాజును బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. వెయ్ మాస్టారు రెండుసార్లు టీ పోశాడు.

"ఇప్పుడేం చేస్తావ్? దాచేస్తావా?"

"దాచడం నా ఉద్యోగమా?"

"మూత పెట్టడం కదా మరి."

"కొన్నిటికి పెట్టకూడదు," అని లీచున్ శాలువా కప్పుకుని బయల్దేరింది.

పాంగ్ పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని జాడీలో ముల్లంగి సర్దుతున్నాడు. ఆవిణ్ణి చూసి లేవలేదు, పొమ్మనలేదు. ముల్లంగి ముక్కలు ఉప్పునీళ్ళ పైకి తేలిపోతున్నాయి. అతను చేత్తో నొక్కుతున్నాడు, అవి మళ్ళీ తేలుతున్నాయి.

"రాయి పెట్టకపోయావా?" అంది లీచున్.

"పగిలింది. నీకు ఊరగాయ గురించి చెప్పే హక్కుంది గానీ, ఈ పూట వద్దులే."

ఆవిడ పొట్లం విప్పి గాజు అతని చేతిలో పెట్టింది. పాంగ్ దాన్ని తిప్పి చూశాడు. బొటనవేలు అక్షరం మీద ఆనించాడు.

"పగల్లేదు అన్నా. పరీక్ష చేశారు. అస్సలు పగల్లేదు," అని ఆవిడ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "నీకు చెప్పాలని వచ్చాను. నువ్వు తిడితే తిట్టు."

పాంగ్ గాజును మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలు గీతల మీద అటూ ఇటూ తిరిగింది.

"గోడ మీద పేరు పోయినందుకు బాధ లేదంటే అబద్ధం," అన్నాడు చివరికి. "జెంగ్ తాత సమాధి దగ్గరికి ఈ ఏడు పోలేదు. ఏం మొహం పెట్టుకుని పోను? నీ మీద కోపంతో అంగడికి రాలేదనుకున్నావేమో, కాదు. సిగ్గేసింది. ఇన్నేళ్ళు నీ పక్కన నిలబడి, గుడ్డ చుడితే చాలనుకున్నా." గాజును పైకెత్తి వెలుతురులో చూశాడు. "అయితే ఇది పగల్లేదంటావ్."

"ఇది పగల్లేదు. ఇంకోటి పగలదని చెప్పలేను."

"సరే. రేపు మళ్ళీ ఇట్టాగే జరిగిందనుకో. నేనే కొట్టాననుకో. పగలదని ఇప్పుడు తెలుసుగా నీకు. ఏం చేస్తావ్?"

లీచున్ ఆలోచించలేదు. "మళ్ళీ పీకిస్తాను."

పాంగ్ గాజును ఉప్పునీళ్ళలోకి వదిలాడు. అది ముల్లంగి ముక్కల్ని తనతో పాటు కిందికి తీసుకుపోయింది, ఒక్కటీ పైకి తేలలేదు. మూత పెట్టి, దాని చుట్టూ ఉన్న గాడిలో నీళ్ళు పోస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

"అందుకే కదే నీ పేరు కొట్టింది."